కొండపాట ప్రయాణము

తూర్పు కనుమలలో, సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున అరకులోయ కలదు. మొదట విశాఖపట్టణము జిల్లాలో ఉండి, 2022వ సంవత్సరమున అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన ఈ సీమలో బగత, వాల్మీకి, కొండదొర, కోటియ, పోర్జ, గదబ, ఖోండు మొదలగు గిరిజనులు నివసించుచున్నారు. చైత్రమాసమున ఇటుకల పండుగ వచ్చినంతనే పురుషులు వేటకు బయలుదేరుదురు. స్త్రీలు ఆటపాటలతో ఊరిని మేల్కొలుపుదురు. ప్రొద్దు క్రుంకిన వెనుక డప్పు, తుడుము, కిరిడి మ్రోగును. మోరి, జోడుకొమ్ములు వానితో శ్రుతి కలుపును. స్త్రీలు ఒకరి వెన్నుపైనుండి మరియొకరు చేతులు పెనవేసికొని, బారులుగా నిలిచి, అడుగులు కలుపుదురు. ఇదియే ధింసా.

ధింసాలో పెక్కు విధములు కలవు. పులి మీద పడినప్పుడు తప్పించుకొను నేర్పును చూపునది బాగ్ ధింసా. బోడ ధింసా, గుండేరి ధింసా, కుండ ధింసా మొదలగునవి తక్కినవి. పాట కొన్ని ఊళ్లలో ఆదివాసీ ఒడియాలో సాగును; కొన్నిటిలో కువి భాషలోను, తెలుగులోను సాగును. ఆ పాటకు కర్త ఎవరో ఎవరును చెప్పలేరు. పాడువాడు వేరు, వినువాడు వేరు అను భేదము అక్కడ లేదు. తప్పు పాడినవారిని ప్రక్కనున్న పెద్ద దిద్దును. పాట మంచిచెడ్డలకు ఊరే పరీక్షాధికారి. పాటకు వెల లేదు. అది సంతలో దొరకు వస్తువు కాదు.

అట్టి పాట అంగడికి ఎట్లు చేరెను? చేరిన వెనుక పాడినవారికి, ముద్రించినవారికి, అమ్మినవారికి ఏమి కలిగెను? పాట గుణము ఏమయ్యెను? ఈ ప్రశ్నలకు సమాధానము కావలెనన్న, కొండ దిగి కొంత దూరము పోవలసియున్నది.

మానవకంఠమును యంత్రమున బంధించి తిరిగి వినిపించు విద్యను అమెరికా దేశమున ఎడిసన్ 1877లో కనుగొనెను. తరువాత బెర్లినర్ అను శాస్త్రజ్ఞుడు గుండ్రని పళ్లెముపై ధ్వనిని చెక్కు పద్ధతిని కల్పించెను. 1902వ సంవత్సరము నవంబరులో గైస్‌బర్గ్ అను ఆంగ్ల కంపెనీ ఉద్యోగి కలకత్తాకు వచ్చి, గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయని పాటలను పళ్లెములపైకి ఎక్కించెను. ఒక్కొక్క పాట ముగియగానే ఆమె తన పేరును ఇంగ్లీషున బిగ్గరగా చెప్పెడిది. ఆ పళ్లెములు జర్మనీ దేశములో అచ్చు కావలసియుండెను. అక్కడి పనివారు ఆ పాట ఎవరిదో గుర్తించుటకై ఈ ఏర్పాటు. పాట వెంట పాడినవారి పేరు పోవలెనను నియమము ఆనాడే ఏర్పడినదన్నమాట. ఈ చిన్న విషయమును మనస్సులో ఉంచుకొనవలెను.

ఆ పళ్లెముపై ఒకవైపున సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. గంటసేపు విస్తరించు రాగము మూడు నిమిషములకు కుదించుకొనవలసివచ్చెను. విజయనగరము సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనమును వేలమంది విని ఆనందించుటకు ఈ పళ్లెములు కారణమయ్యెను. కాని రాత్రి యంతయు సాగు ధింసాను మూడు నిమిషములలో ఎవరు ఇముడ్చగలరు? అదియును గాక, పళ్లెములు అచ్చువేయుటకు కర్మాగారము, నిపుణులు, పెట్టుబడి కావలెను. కొనువారు వేలకొలది ఉన్నప్పుడే కంపెనీకి గిట్టుబాటగును. కొండమీది భాషలో పాటకు అంతమంది కొనుగోలుదారులు లేరు. ఇందు ఒక విచిత్రము కలదు. ఆ పళ్లెములు తయారగునది అడవులలో చెట్లకొమ్మలపై పురుగులు చేయు లక్కతో. అడవి లక్క పట్టణపు పాటను మోసెను. అడవి పాట మాత్రము ఆ లక్కపై ఎక్కుట అరుదయ్యెను.

తరువాత ఆకాశవాణి వచ్చెను. విజయవాడ కేంద్రము 1948లోను, విశాఖపట్టణము కేంద్రము 1963లోను ఆరంభమయ్యెను. ఆకాశవాణికి అమ్మకము లేదు. అందుచేత జానపద గీతములకు అందు చోటు దొరికెను. కళాకారులకు కొంత పారితోషికము లభించెను. పాడినవారి పేరును ప్రకటనకర్త చెప్పెడివాడు. ఆ దశాబ్దముననే కొత్తవలస నుండి కిరండూలు వరకు ఇనుప ఖనిజము కొరకు రైలుమార్గము కనుమలను తొలుచుకొని నిర్మింపబడెను. రైలుతో పాటు ట్రాన్సిస్టరు రేడియో కొండ ఎక్కెను. కొండపాట క్రిందికి దిగుటకంటె ముందుగా, మైదానపు సినిమా పాట పైకి చేరెను.

పాట వ్యాపారమున నిజమైన విప్లవము తెచ్చినది కాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ దీనిని 1963లో వెలువరించినను, మన దేశమున ఇది 1980వ దశాబ్దములో ఇంటింటికి చేరెను. అంతవరకు గ్రామఫోను పళ్లెముల వ్యాపారము చాలభాగము ఒక్క కంపెనీ చేతిలో ఉండెను. కాసెట్టు వచ్చిన పిమ్మట కొద్దిపాటి పెట్టుబడితో ఎవరైనను పాటలను ముద్రించి అమ్మగలిగిరి. చిన్న పట్టణములలో చిన్న కంపెనీలు వెలసెను. మాండలికపు పాటలకు, భజనలకు, జానపదములకు తొలిసారి అంగడి ఏర్పడెను. సంతలో ఉప్పు, ఎండుచేప, గాజులు అమ్ము దుకాణముల సరసన కాసెట్ల దుకాణము వెలసెను. ఆ అంగడివాడు పాటను వినిపించి, మెప్పించి, అమ్మెడివాడు. ఏ ఊరివారికి ఏ పాట ఇష్టమో అతనికి తెలియును.

అయితే కాసెట్టునకు ఒక దోషము కలదు. దానికి నకలు తీయుట అతి సులభము. ఒక కాసెట్టు నుండి పది, పదింటి నుండి నూరు పుట్టెను. నకలు తీసినకొలది బుసబుస శబ్దము పెరిగి, పాట మసకబారెను. నకళ్ల వలన కంపెనీకి నష్టము కలిగెను. ఆ నష్టము పేరు చెప్పి కళాకారునికి ఇచ్చునది తగ్గించుటయు కలదు. పెక్కు చోట్ల గాయకులు ఒకేసారి కొద్ది మొత్తము తీసికొని, హక్కులన్నిటిని వదలుకొనిరి. చదువురాని గాయకునికి తాను వేలిముద్ర వేసిన కాగితములో ఏమున్నదో ఎట్లు తెలియును?

1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు ధ్వనిని అంకెలుగా మార్చినది. అది ఒక క్షణములో 44,100 పర్యాయములు ధ్వనిని కొలిచి, ఆ కొలతలను దాచును. దానికి చాల చోటు కావలెను. కనుక శాస్త్రజ్ఞులు ఎంపీ3 అను పద్ధతిని కనుగొనిరి. చెవి అంతగా గమనింపని ధ్వనులను తొలగించి, తక్కినవానిని మాత్రమే దాచుట ఇందలి కిటుకు. సాధారణముగా వాడు ఎంపీ3 పాట, డిస్కులోని పాటలో సుమారు పదునొకండవ వంతు స్థలమునే ఆక్రమించును. అప్పుడు గోరంత మెమొరీ కార్డులో వందలకొలది పాటలు ఇమిడెను. సంతలో కాసెట్లు అమ్మినవాని స్థానమున సెల్‌ఫోను దుకాణదారుడు వచ్చి, కొద్ది రూపాయలకు కార్డు నిండ పాటలు ఎక్కించి ఇచ్చెను. ఆ రూపాయలలో పాడినవారికి చేరినది ఏమియు లేదు. 2016 తరువాత చవక ఇంటర్నెట్టు వ్యాపించుటతో ఆ దుకాణదారుని పనియు క్షీణించెను. ఇప్పుడు పాటను కొనవలసిన పనియే లేదు, వినిన చాలును.

ఇట్లు వినిపించు సంస్థలు సొమ్మును పంచు విధము తెలిసికొనదగినది. శ్రోతల చందాలు, ప్రకటనల రాబడి ఒక రాశిగా చేరును. సంస్థ తన భాగము తీసికొని, మిగిలినదానిని ఏ పాట ఎన్నిసార్లు వినబడెనో లెక్కించి, ఆ పాళ్లలో హక్కుదారులకు పంచుట సాధారణ పద్ధతి. ఒకడు నెల యంతయు ధింసా పాటలే విన్నను, అతని చందా అంతయు ధింసా గాయకులకు పోదు. అది రాశిలో కలిసిపోయి, కోట్లసార్లు వినబడిన పాటలకే ఎక్కువభాగము చేరును. స్పాటిఫై అను సంస్థ 2024 నుండి, ఏడాదిలో 1,000 సార్లయినను వినబడని పాటకు ప్రతిఫలము లేదని నియమము చేసెను. పాటను 30 క్షణములు విన్నగాని అది లెక్కకు రాదు. యూట్యూబులో ప్రకటనల రాబడి పొందుటకు సామాన్య నియమము ప్రకారము 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణము కావలెను. గ్రామఫోను కాలమున కంపెనీ గుమ్మమువద్ద కొండపాట ఆగిపోయెను. నేడు గుమ్మము తెరచియే ఉన్నది. అరకు యువకుడు తన ఊరి ధింసాను తానే చిత్రించి లోకమునకు చూపగలడు. ఇది గొప్ప మేలు. కాని తెరచిన గుమ్మమున కోట్లమంది నిలిచియున్నారు.

ఇక పాట గుణమును గూర్చి చూతము. డప్పును వాయించుటకు ముందు మంటవద్ద కాచుదురు. కొండగాలిలోని తేమకు తోలు సడలిపోవును. వేడికి బిగిసి గంభీరముగా పలుకును. ఆ నాదము చెవికే కాక రొమ్మునకును తగులును. సెల్‌ఫోనులోని చిన్న పలక పెద్ద గాలిని కదిలింపలేదు. కనుక క్రింది స్వరములు దానిలో పలుకవు. తుడుము ఉరుము వలె గాక టకటకమని మాత్రమే వినబడును. అంతేకాదు, 30 క్షణములలో శ్రోతను పట్టుకొనవలెనను తొందరలో, మెల్లగా ఆరంభమై క్రమముగా వేగమందు ఆట మొదటినుండియే పరుగెత్తుచున్నది. మోరి స్థానమున యంత్రవాద్యము చేరుచున్నది. పాత్ర మారిన నీటి ఆకారము మారినట్లే, దాచు సాధనము మారినప్పుడెల్ల పాట ఆకారమును మారుచున్నది.

అన్నిటికంటె గట్టి చిక్కు ఒకటి కలదు: ఈ పాట ఎవరిది? ఉత్తరాంధ్ర నుడికారముతో పాటలు కట్టి పాడిన వంగపండు ప్రసాదరావు (1943–2020) పాట ఒకటి 2009లో వచ్చిన మగధీర చిత్రమున వినియోగింపబడెను. ఆయన పేరు లోకమునకు తెలియును. కాని 2020లో పలాస 1978 చిత్రము వలన ప్రసిద్ధికెక్కిన ‘నక్కిలీసు గొలుసు’ వంటి జానపదమును మొదట పాడినవారెవరు? 2021లో సారంగ దరియా అను తెలంగాణ జానపదము సినిమాకు ఎక్కినప్పుడు, దానిని సేకరించి పాడినవారికి దక్కవలసిన గుర్తింపును గూర్చి బహిరంగముగా చర్చ జరిగెను. మన కాపీరైటు చట్టము 1957 నాటిది. అది కర్తకు హక్కునిచ్చును. కర్త తెలియని సంప్రదాయపు పాటను ఎవరైనను తీసికొనవచ్చును. అయినను 1994 సవరణ వలన, పాడినవారికి, వాయించినవారికి తమ ప్రదర్శనపై హక్కు కలిగెను. దానిని వ్యాపారమునకు వాడినప్పుడు ప్రతిఫలము పొందు అధికారమును 2012 సవరణ స్పష్టము చేసెను. పాట ఊరిదే కావచ్చును. పాడిన కంఠము పాడినవారిదే. ఈ సంగతి కొండపై నున్నవారికి తెలియవలసియున్నది.

అరకులో పండు మరియొక వస్తువుతో దీనిని పోల్చి చూడవచ్చును. అదే కాఫీ. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల పంటలను కొనుచు దళారుల దోపిడిని అరికట్టుటకు పాటుపడుచున్నది. 2017లో అరకు కాఫీ దుకాణము పారిస్ నగరమున తెరువబడెను. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. ఏ దేశమునకు పోయినను ఆ గింజ అరకు పేరును మోసికొనిపోవును. ఆ పేరు వలననే దానికి మంచి ధర పలుకును. ఆ గుర్తింపు చట్టము వస్తువులకే గాని పాటకు వర్తింపదు. కనుక కొండగింజకు దొరకిన గౌరవము కొండపాటకు దొరకలేదు.

సాధనములు మారుటను ఎవరును ఆపలేరు; ఆపవలసిన పనియు లేదు. లక్క పళ్లెము పోయెను, కాసెట్టు పోయెను, నేటి సాధనమును ఒకనాడు పోవును. ప్రతి మార్పును కొందరికి లాభము, కొందరికి నష్టము తెచ్చెను. కాని మారకూడనిది ఒకటి కలదు. కలకత్తాలో గౌహర్ జాన్ తన పాట చివర తన పేరు చెప్పెను. నేడు ధింసాను చిత్రించువారు ఊరి పేరును, పాడిన స్త్రీల పేర్లను, మోరి ఊదినవాని పేరును వారి సమ్మతితో చేర్చుటకు అర నిమిషమైనను పట్టదు. పాఠశాలలోని పిల్లలు తమ అవ్వలు పాడు పాటలను వ్రాసికొని, వాని క్రింద పాడినవారి పేరును, తేదీని వ్రాసియుంచిన, అదియే రేపటికి సాక్ష్యమగును.

ఎన్ని సాధనములు వచ్చినను, చైత్రమాసమున డప్పు మంటవద్ద వెచ్చబడుచునే యున్నది. ఆ ఊరి ఆడపడుచులు చేతులు పెనవేసికొని నిలిచినంతకాలము పాటకు పుట్టిల్లు ఉండును. పుట్టిల్లు మరువని పాట ఎంత దూరము పోయినను అనాథ కాదు.