అంబలి ఒకటే... పేర్లే మూడు!

పొరుగు రాష్ట్రం అనగానే మనకు వేరే భాష, వేరే వంట, వేరే కట్టూబొట్టూ గుర్తొస్తాయి కదూ? మా ఖమ్మం, భద్రాచలం అడవి వైపు ఒక్కసారి వచ్చి చూడండి. అంత తేలిగ్గా గీత గీయలేమని మీకే తెలుస్తుంది.

అసలా గీతలే ఎన్నిసార్లు జరిగాయో! భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రాకి వెళ్లాయి. ఇప్పుడు రాములవారి గుడి తెలంగాణలో ఉంది, ఊరు దాటగానే వచ్చే ఎటపాక ఆంధ్రాలో ఉంది. చింతూరు మీదుగా ఇంకా ముందుకెళ్తే శబరి ఒడ్డున ఛత్తీస్‌గఢ్ వాళ్ల కుంట వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే, శబరిలో సీలేరు కలిసేచోట ఒడిశా వాళ్ల మోటు ఉంది. ఈ నాలుగు రాష్ట్రాల్లోనూ కోయవాళ్లున్నారు. కుంట వైపు దోర్లాలన్నా వీళ్ల వాళ్లే.

వంటింట్లోకి వద్దాం. రాగుల్ని మనలో కొందరు తైదలంటారు, కొందరు చోళ్లంటారు. బస్తర్‌లో మడియా, ఒడిశాలో మాండియా. రాత్రి పిండిని నీళ్లలో కలిపి పులవనిచ్చి, పొద్దున నూకలు ఉడుకుతుండగా అందులో పోసి కలియబెడితే మనకది అంబలి. బస్తర్ వాళ్లకు పేజ్, ఒడిశా వాళ్లకు జావు. మనం మజ్జిగ పోసి ఉల్లిపాయ నంజుకుంటాం. అక్కడ సొరకాయ బుర్రలో పోసుకుని పనికి పట్టుకెళ్తారు. మన చద్దన్నమే ఒడిశాలో పఖాళ, ఛత్తీస్‌గఢ్‌లో బాసి.

పండుగలూ అంతే. కొత్త పంటను ముందు దేవతకు పెట్టందే నోట పెట్టరు. కోయవాళ్లు పండుగను పండుం అంటారు. ఇలాంటి కొత్త పంట పండుగనే బస్తర్‌లో నవాఖానీ అనీ, పశ్చిమ ఒడిశాలో నువాఖాయి అనీ చేసుకుంటారు.

మరి తేడా ఎక్కడొస్తోందంటే, బడిలో! ఇక్కడి కోయ పిల్ల తెలుగు రాస్తుంది, కుంటలో మేనమామ కూతురు హిందీ రాస్తుంది, మోటులో పిన్ని కూతురు ఒడియా రాస్తుంది. ముగ్గురి అమ్మమ్మదీ కోయ మాటే. ఒకరు రాసిన ఉత్తరం ఇంకొకరు చదవలేరు. వాళ్లను కలిపేది ఇంట్లో వినిపించే ఆ మాటొక్కటే. నలుగురూ నవ్వుతారని తల్లి పిల్లతో కోయ మాట్లాడటం మానేస్తే, ఆ చుట్టరికం కూడా తెగిపోతుంది. నది విడదీయలేనిది మన నవ్వు విడదీస్తుందన్నమాట.

మిరపకాయ కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి ఆడకూలీలు మన చేలకు వస్తుంటారు. వాళ్ల మాట వింతగా ఉందని పిల్లలు వెక్కిరిస్తే మనమే మందలించాలి. ఓ గ్లాసు అంబలి ఇచ్చి, "మీ వైపు దీన్నేమంటారమ్మా?" అని అడిగి చూడండి. మాట రాకపోయినా ఆ రుచి వాళ్లకు తెలుసు!