పాచికకు లెక్క నేర్పిన బల్ల

బెర్లిన్‌లోని షార్లొటెన్‌బుర్గ్ రాజభవనంలో సొరుగుల బల్ల ఒకటి ఉంది. రైస్‌విట్స్ అనే ప్రభుత్వోద్యోగి 1812లో ప్రష్యా రాజు మూడో ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ కోసం చేయించాడు దాన్ని. దానితోపాటు రంగులు వేసిన ప్లాస్టర్ పలకలు బోలెడు. ఒకదాని మీద ఊరు, ఇంకోదాని మీద వాగు, మరోదాని మీద చిత్తడి నేల. ఆరడుగుల చదరపు బల్ల మీద వాటిని అటూ ఇటూ మార్చి పేరిస్తే ప్రతిసారీ కొత్త యుద్ధభూమి తయారవుతుంది. దళాలకు గుర్తుగా పింగాణీ బిళ్లలు, దూరాలు కొలవడానికి కంపాసు, రూళ్లకర్ర ఉన్నాయి. వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నవి కొన్ని చిన్న పెట్టెలు. కొండ చాటున పొంచి ఉన్న దళం మీద పెట్టె బోర్లిస్తే, కింద ఎంతమంది ఉన్నారో అవతలివాడికి తెలియదు.

చదరంగంలో ఈ గుట్టుకు చోటు లేదు. మన నేల మీద పుట్టిన చతురంగం పర్షియా మీదుగా ఐరోపా చేరేసరికి అందులో సేన మిగిలింది కానీ యుద్ధం లేదు. రెండు పక్షాల బలగమూ కళ్లెదుటే ఉంటుంది. బంటు వెళ్లి ఏనుగును కొట్టిందంటే ఏనుగు చచ్చినట్టే. గాయపడి వెనక్కి తగ్గడం, తప్పించుకోవడం ఉండవు. బ్రౌన్‌ష్వైగ్‌లో లెక్కలు చెప్పే ఆచార్యుడు హెల్‌విగ్ 1780లో 1,617 గళ్ల పెద్ద పలక తయారుచేసి, కొండకో రంగు, నీటికో రంగు వేశాడు. నేల వచ్చింది. అయినా గడి గడిగానే ఉంది, చావు ఖాయంగానే ఉంది.

ఆ ఖాయాన్ని తీసేసినవాడు రైస్‌విట్స్ కొడుకు గెయోర్గ్ హైన్రిక్ రుడోల్ఫ్. ఫిరంగిదళంలో అధికారి. తండ్రి పలకలను పక్కనపెట్టి, 1:8,000 కొలతతో గీసిన మ్యాపులు తెచ్చాడు. ఎరుపు, నీలం బిళ్లలు రెండు సైన్యాలు. ఒక్కో ఎత్తు యుద్ధంలో రెండు నిమిషాలకు సమానం. ఆటగాడు బిళ్ల ముట్టుకోడు. కాగితం మీద ఆజ్ఞ రాసి అంపైర్‌కు ఇస్తాడు. ఆ ఆజ్ఞ మోసుకుని గుర్రం మీద వార్తాహరుడు వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో అంపైర్ లెక్కగట్టి, అప్పుడే దళాన్ని కదుపుతాడు. శత్రువు కంటికి ఆనేంత దగ్గరికి వస్తేనే ఆ బిళ్ల మ్యాపు మీద కనిపిస్తుంది. క్రికెట్ అంపైర్ అందరూ చూస్తున్నదాని మీదే తీర్పు చెబుతాడు. ఇక్కడి అంపైర్ మాత్రం ఇంకెవరికీ కనపడనిది చూస్తాడు.

ఇక పాచికలు. పాచికలనగానే మనకు శకుని గుర్తొస్తాడు. ఇక్కడ వాటి పని అందుకు పూర్తిగా ఎదురు: ఎవరి చేతివాటమూ సాగకుండా చూడటం. ఒకే దళం, ఒకే దూరం నుంచి, ఒకే ఫిరంగితో పదిసార్లు కాల్చినా పదిసార్లూ ఒకే ఫలితం రాదు. ప్రష్యా సేనాని షార్న్‌హోర్స్ట్ చేయించిన కాల్పుల పరీక్షల లెక్కలు చిన్న రైస్‌విట్స్ దగ్గర ఉన్నాయి. సగటు నష్టం ఎంత, అదృష్టం బాగుంటే ఎంత, బాగోకపోతే ఎంత అన్న తేడాలను అతను పాచిక ముఖాల మీదే వేయించాడు. అలాంటివి అయిదు రకాలు. బలాలు సరిసమానమైతే ఒకటి, ఒకరిది పైచేయి అయితే మరొకటి. రెట్టింపు బలం ఉన్నవాడు సాధారణంగా గెలుస్తాడు, అప్పుడప్పుడు ఓడతాడు. ఆ ‘అప్పుడప్పుడు’ ఎంతో పాచిక చెబుతుంది. సంభావ్యతా గణితం సైనికుల చేతిలో పనిముట్టుగా మారిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

1824లో ఈ ఆట చూడటానికి ప్రష్యా సైన్య జనరల్ స్టాఫ్ అధిపతి మ్యుఫ్లింగ్ అయిష్టంగానే కూర్చున్నాడట. చివరికి, ఇది ఆట కాదు, యుద్ధానికి శిక్షణ అని లేచాడు. రెజిమెంట్లన్నిటికీ సిఫార్సు చేశాడు. కనిపెట్టినవాడికి మాత్రం అది కలిసిరాలేదు. టోర్గావు కోటకు బదిలీ అయిన రైస్‌విట్స్ 1827లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1870-71లో ఫ్రాన్స్‌ను ప్రష్యా ఓడించాకే మిగతా దేశాలు ఈ బల్ల కోసం ఎగబడ్డాయి. అప్పటికి లెక్కల పట్టికలు పెరిగిపోయి ఆట నత్తనడకన సాగుతోంది. 1876లో ప్రష్యా సైనికాధికారి వెర్డీ డు వెర్నువా వాటిని పక్కన పడేసి, అనుభవం ఉన్న అంపైర్ మాటే చాలన్నాడు. సుఖమే, కానీ అంపైర్ కంటే పెద్ద హోదావాడు గదిలో ఉంటే?

మూతి మీసాలతో, మెరిసే గుండీలతో బొమ్మ సైనికులు రంగంలోకి దిగింది ఇళ్లలోనే. 1893 నుంచి బ్రిటన్స్ కంపెనీ లోపల గుల్లగా ఉండే సీసపు బొమ్మలు చవగ్గా అమ్మడం మొదలుపెట్టింది. రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో వాటికి నియమాల పుస్తకం రాశాడు. ఆయన పాచికను పూర్తిగా తోసిపుచ్చాడు. స్ప్రింగు ఫిరంగితో చెక్కముక్కను నిజంగానే పేల్చాలి, పడిన బొమ్మ చచ్చినట్టు. నేల మీద బోర్లా పడుకుని గురిచూసే పెద్దమనుషులను తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, అది గురి పరీక్షే తప్ప యుద్ధ నమూనా కాదు.

అంపైర్ కంటే పెద్ద హోదావాడుంటే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు 1942లో వచ్చింది. పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవి మీద దాడికి ముందు జపాన్ నౌకాదళం బల్ల మీద యుద్ధం ఆడి చూసింది. వైమానిక అధికారి ఫుచిదా తర్వాత రాసినదాని ప్రకారం, పాచికల లెక్కన తొమ్మిది బాంబులు తగిలి అకాగి, కాగా అనే విమానవాహక నౌకలు మునిగాయి. అడ్మిరల్ ఉగాకి తొమ్మిదిని మూడు చేయించాడు, అకాగి బతికింది. మునిగిన కాగా కూడా తర్వాతి దశలో మళ్లీ తేలింది. ఫుచిదా మాటలన్నిటినీ చరిత్రకారులు నమ్మరు. ఒక్క పాచిక చూసి ప్రణాళిక మార్చుకోవాలనీ లేదు. కానీ ఫలితాన్ని దిద్దేసినవాడికి ‘ఎందుకిలా వచ్చింది’ అన్న ప్రశ్న కూడా పోయింది. జూన్‌లో మిడ్‌వే దగ్గర జపాన్ కోల్పోయిన నాలుగు విమానవాహక నౌకల్లో ఆ రెండూ ఉన్నాయి.

అదే ఏడాది లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్, బ్రిటన్ నౌకాదళ మహిళా విభాగంలోని యువతులతో నేలంతా సముద్రంగా గీయించాడు. ఓడల కెప్టెన్లు గుడ్డ తెరల వెనక కూర్చుని చిన్న కంతల్లోంచి మాత్రమే చూడాలి. జర్మన్ జలాంతర్గాములు ఓడల వరుసల మధ్యలోకే చొరబడి టార్పెడోలు వదులుతున్నాయని ఆ గదిలోనే తేలింది. దాన్ని ఎదుర్కొనే ఎత్తుగడకు ‘రాస్‌బెరీ’ అని పేరుపెట్టారు. జలాంతర్గాముల నిపుణుడు అడ్మిరల్ మ్యాక్స్ హోర్టన్ వచ్చి జలాంతర్గామి పక్షాన ఆడితే, జానెట్ ఓకెల్ అనే యువతి ఆయన్ను వరసగా అయిదుసార్లు ముంచింది. ఫలితం ఎవరూ దిద్దలేదు.

యుద్ధం ముగిశాక బల్ల మళ్లీ సరదాగాళ్ల చేతికొచ్చింది. బ్రిటన్‌లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ యుద్ధ ఆటల మీద 1962లో రాసిన పుస్తకం చాలామందికి దారి చూపింది. వేలెడంత లేని లోహపు బొమ్మలు, వాటి చొక్కాల రంగుల మీద గంటల తరబడి వాదనలు. ఈ ఆటల్లో దళం చివరి మనిషి దాకా పోరాడదు. కొంత నష్టం కాగానే పాచిక వేసి ధైర్యం నిలిచిందో లేదో చూస్తారు. సైన్యాలు ఎక్కువగా చెదిరిపోయి ఓడతాయి కనుక ఇది వెల్స్ ఫిరంగి కంటే చరిత్రకు దగ్గర.

1960ల చివర్లో అమెరికాలో డేవిడ్ వెస్లీకి టాటెన్ అనే సైనికాధికారి 1880లో రాసిన పాత పుస్తకం దొరికింది. అంపైర్ ఒప్పుకుంటే ఆటగాడు ఏదైనా చేయవచ్చన్నది అందులో సంగతి. నెపోలియన్ కాలపు ఒక ఊహాపట్టణం సృష్టించి, దళానికి బదులు ఒకరికి నగరాధ్యక్షుడి పాత్ర, ఇంకొకరికి బ్యాంకరు పాత్ర ఇచ్చి ఆడించాడు. అతని ఆటల్లో పాల్గొన్న డేవ్ ఆర్నెసన్, మధ్యయుగాల బొమ్మ యుద్ధాలకు నియమాలు రాసిన గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. సైన్యాలు పోయాయి, ఆటగాడికొక వీరుడు మిగిలాడు. అన్నీ తెలిసిన అంపైర్ అలాగే ఉన్నాడు. పాచికకే ఆరు ముఖాలు చాలక ఇరవై వచ్చాయి.