నార్వే పూర్వుని జాడ: అమెరికా దస్తావేజులలో ఒక వలస జీవితము

1825వ సంవత్సరము జూలై మాసారంభమున స్టవాంగర్ రేవునుండి రెస్టొరేషన్ అను చిన్న నౌక యొకటి 52 మందితో బయలుదేరి, నడిసముద్రమున ఒక శిశువు జన్మింపగా 53 మందితో అక్టోబరు 9వ తేదీన న్యూయార్కు చేరెను. అటుపిమ్మట నూరేండ్లలో ఎనిమిది లక్షలకు పైబడిన నార్వే జనులు అదే దిక్కునకు తరలిపోయిరి. 1865లో పదిహేడు లక్షల జనము మాత్రమే గల దేశమున కిది ఎంతటి క్షయమో ఊహింపవచ్చును. జనసంఖ్యతో సరిపోల్చి చూచినచో ఐరోపాలో ఐర్లండు దేశ మొక్కటియే ఇంతకంటె ఎక్కువమందిని కోలుపోయినది. నేడు మిన్నెసోటా, విస్కాన్సిన్, అయోవా, డకోటా రాష్ట్రములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఇరుగుపొరుగువారుగను, అచ్చటచ్చట వియ్యంకులుగను ఉన్నవారిలో అనేకులు వీరి మునిమనుమలే. తమ పూర్వు డెవ్వడు, ఏ పల్లెవాడు, వచ్చి యేమి చేసెను అని వారు వెదకు విధానము తెలిసికొనదగినది.

ఈ అన్వేషణమునకు పూనుకొన్నవాడు మొట్టమొదట గ్రహింపవలసిన దేమనగా, ఆ పూర్వునిగూర్చిన వ్రాతలలో ఒక్కటియు మనుమల కొరకు వ్రాయబడినది కాదు. ఒకటి పన్ను కొరకు, ఒకటి సైన్యము కొరకు, ఒకటి భూమి కొరకు, ఒకటి ఆత్మోద్ధరణము కొరకు వ్రాయబడెను. అడిగినవా డెవ్వడు, చెప్పినవా డెవ్వడు, అట్లు చెప్పుటవలన వానికి కలుగు లాభ మేమి అను మూడు ప్రశ్నలు వేసికొనక ఏ దస్తావేజును నమ్మువాడైనను, కొంతదూరము పోయిన పిదప అన్యుని తాతను తన తాతగా కౌగిలించుకొనును.

చిక్కు పేరుతోనే ఆరంభమగును. పందొమ్మిదవ శతాబ్దపు నార్వే పల్లెలలో స్థిరమైన వంశనామము లేదు. లార్స్ అనువాని కుమారుడు ఓలె యైనచో వాడు ఓలె లార్సెన్; వాని చెల్లెలు లార్స్‌దత్తెర్; వాని కొడుకు ఓల్సెన్. ఈ పితృనామమునకు తోడు వారు నివసించు వ్యవసాయక్షేత్రము పేరును చేర్చుట కలదు. మన యింటిపేర్లలో పెక్కులు ఊరిపేర్లే కనుక ఈ యాచారము తెలుగువానికి వింతగా తోపదు. అయితే మన యింటిపేరు ఊరు విడిచినను మనవెంటనే వచ్చును, వారి క్షేత్రనామ మన్ననో మనిషి వేరొక క్షేత్రమునకు మారినంతనే మారిపోవును. కౌలుగుడిసెలో బ్రదుకు పేదవాడు ముప్పదియేండ్లలో మూడు క్షేత్రనామములతో గ్రంథముల కెక్కియుండవచ్చును. ప్రతికుటుంబమునకును ఒక స్థిరనామ ముండవలెనను శాసనము నార్వేలో 1923లో గాని రాలేదు. అందుచేత అమెరికాలో ఏకోదరులగు అన్నదమ్ములలో ఒకడు తండ్రిపేరును, వేరొకడు క్షేత్రనామమును వంశనామముగా నిలుపుకొని, ఒకే పొలమునకు ఇరుప్రక్కల కాపురముండియు సర్కారు లెక్కలలో పరాయివారైరి. ఎల్లిస్ ద్వీపమున గుమాస్తాలు పేర్లు మార్చిరను కథ ఇంటింట వినబడును గాని, అది నమ్మదగినది కాదు. ఆ గుమాస్తాలు ఓడవారు బయలుదేరినచోటనే వ్రాసి తెచ్చిన జాబితాలను చూచి సరిచూచుకొనుటయే తప్ప క్రొత్తగా పేర్లు పెట్టినవారు కారు. పేరు మార్చుకొన్నది సాధారణముగా ఆ మనిషియే.

ఇందుకు క్నూట్ నెల్సన్ చరిత్రకంటె మంచి దృష్టాంతము దొరకదు. మిన్నెసోటాకు గవర్నరుగాను, 1895 మొదలు 1923లో మరణించువరకు సెనేటరుగాను ఉండిన ఈ ప్రముఖుడు 1843లో పశ్చిమనార్వేలోని వోస్ ప్రాంతమున, ఎవాంగర్ సమీపమున, అవివాహిత యగు ఇంగెబ్యోర్గ్ అను యువతికి జన్మించెను. జ్ఞానస్నానపు పద్దులో తండ్రిగా హెల్గె అనువాని పేరు వ్రాయబడియున్నది. అది నిజమని చరిత్రకారులు ధ్రువపరుపజాలకపోయిరి. ఆ వ్రాత ననుసరించినచో బాలుడు హెల్గెసెన్ కావలసినవాడు. తల్లి బెర్గెన్ నగరమున దాసీవృత్తి చేసి, 1849లో ఆరేండ్ల కొడుకుతో సముద్రము దాటి, క్రొత్తదేశమున తాను విధవనని చెప్పుకొనెను. పిమ్మట నిల్స్ అను వోస్ వాస్తవ్యుని పెండ్లాడి విస్కాన్సిన్ చేరెను. ఆ సవతితండ్రి పేరునుబట్టి బాలుడు నెల్సన్ ఆయెను. ఇట్లు ఆ వంశనామమున ఏ రక్తసంబంధమును లేదు. ఒక సెనేటరు జనకుని విషయముననే ఇట్లుండగా, సామాన్యుడగు కాపువాని సంగతి చెప్పనేల? ఈ తల్లీకొడుకులు న్యూయార్కునందలి కాసిల్ గార్డెన్‌లో దిగిరని కొన్ని పుస్తకములలో కనబడును. అయితే ఆ భవనము వలసవారి కేంద్రముగా తెరువబడినది 1855 ఆగస్టులో. వీరు వచ్చునాటి కది సంగీతశాల. మరుసటి యేడు స్వీడను గాయని జెన్నీ లిండ్ పాడినది అచ్చటనే. ప్రసిద్ధమైన ద్వారముగుండ తమవారు వచ్చిరని చెప్పుకొనుట అన్ని కుటుంబములకును ప్రీతికరము.

మాతృదేశమునందలి ఆధారములు మాత్రము అన్వేషకుని అదృష్ట మనదగినవి. లూథరను మతాచార్యులు జననము, జ్ఞానస్నానము, మతదృఢీకరణము, వివాహము, ఖననము అనువానిని వేర్వేరు పద్దులుగా వ్రాసియుంచిరి. మశూచి టీకా వేయబడిన తేదీని సైతము అందు చేర్చిరి, ఏలయన 1810 తరువాత టీకా లేనివానికి దృఢీకరణమును వివాహమును జరుపరాదని శాసన ముండెను. ఊరు విడిచి పోవువారికి ప్రత్యేకమైన పట్టిక కలదు. అందు ‘అమెరికాకు’ అను మాట చూచినప్పటి సంతోషమును ఈ పని చేసినవాడే ఎరుగును. 1867 మొదలు క్రిస్టియానియా, అనగా నేటి ఓస్లో, పోలీసువారు వలసపోవువారి పేరు, వయస్సు, ఊరు, గమ్యస్థానము వ్రాసికొనుచు వచ్చిరి. ఈ పద్దులును, 1801, 1865, 1900, 1910 సంవత్సరముల జనాభా లెక్కలును నార్వే జాతీయ దస్తావేజుశాలవారు డిజిటల్‌ఆర్కీవెట్ అను పేర ఇంటర్నెట్టున ఎవరికైనను ఉచితముగా చూపుచున్నారు. వెనుకటి వ్రాత గోథిక్ లిపిలో ఉండుటయు, తేదీకి బదులు ఫలానా పండుగ తరువాతి ఆదివారమని ఉండుటయు ఆరంభమున విసుగు పుట్టించును గాని, కొద్దివారముల అభ్యాసముతో కన్ను దాని కలవాటుపడును.

సముద్రయానమును గూర్చిన పత్రములు అందరికిని లభింపవు. 1849లో బ్రిటిషువారు తమ నౌకాశాసనములను ఎత్తివేసినపిదప నార్వే ఓడలు మనుష్యులను క్విబెక్ రేవున దింపి, తిరుగుప్రయాణమున కెనడా కలపను నింపుకొని పోవుట లాభదాయకమయ్యెను. అందుచే 1850 మొదలు పదునైదేండ్లకుపైగా నార్వేవారిలో అధికభాగము ఆ దారినే వచ్చిరి. క్విబెక్ ప్రయాణికుల జాబితాలు 1865 నుండి మాత్రమే మిగిలియున్నవి. కెనడా సరిహద్దు దాటువారిని అమెరికావారు వ్రాసికొనుట 1895లో గాని మొదలు కాలేదు. కాబట్టి 1853లో వచ్చినవాని పేరు న్యూయార్కు జాబితాలలో కనబడకున్నచో నిరాశ చెందక, ఆ మెట్టు దాటి ముందునకు పోవుటయే మేలు.

ముందున్నవి జనాభా లెక్కలు. ఇంటిలోని ప్రతిమనిషి పేరును వ్రాయుట 1850లో ఆరంభమయ్యెను. ఇంటియజమానితో గల బంధుత్వము 1880లో చేరెను. 1890నాటి లెక్కలు వాషింగ్టనులో 1921లో సంభవించిన అగ్నిప్రమాదమువలన నాశనమాయెను. ఈ ఇరువదియేండ్ల అంధకారమును మిన్నెసోటావారు 1885, 1895లలో తాము వేరుగా తీసిన లెక్కలు కొంత పోగొట్టును. అన్నిటిలో అధికఫలప్రదమైనది 1900నాటిది: పుట్టిన నెల, వలసవచ్చిన యేడు, తల్లి కన్నబిడ్డలెందరు, బ్రతికియున్నవా రెందరు అను ప్రశ్నలు అందు కలవు. ఎనమండుగురిని కని నలుగురిని మిగుల్చుకొన్న తల్లి కథ రెండంకెలలో అచ్చట కనబడును. పౌరసత్వపు గడిలో ‘పా’ అని యున్నచో, మొదటి పత్రము దాఖలు చేసి ఊరకున్నవాడని అర్థము. అట్టివారు చాలమంది కలరు, ఏలయన ఆ సంకల్పపత్రము దాఖలు చేసినంతనే సర్కారు భూమికి అర్హత కలిగెను, విస్కాన్సిన్‌లో 1908 వరకును, మిన్నెసోటాలో 1896 వరకును ఓటుహక్కు సైతము లభించెను. పచ్చకార్డు కొరకు దశాబ్దములు వేచియుండు మన పాఠకుల కిది అసూయ పుట్టింపకమానదు.

భూమిపత్రములు నా దృష్టిలో అన్నిటికంటె విలువైనవి. 1862నాటి హోమ్‌స్టెడ్ చట్టము ననుసరించి 160 ఎకరములు కోరినవాడు ఐదేండ్లు అచ్చట నివసించి, సేద్యము చేసినట్లు ఋజువు చూపవలెను. పట్టా ప్రతిని నేడు ఇంటనుండియే చూడవచ్చును గాని అందు సారము లేదు. సారమంతయు వాషింగ్టనులోని జాతీయ దస్తావేజుశాలయందలి దాఖలాలో ఉన్నది. ఇల్లు ఎన్ని అడుగుల పొడవు వెడల్పులు గలది, ఎన్ని ఎకరములు దున్నబడినవి, ఏయే పైరులు వేయబడినవి, కుటుంబమున ఎందరు, ఏ కాలమున ఊరు విడిచి కూలికి పోవలసివచ్చెను అనునవియెల్ల అతడును అతని పొరుగువారిద్దరును ప్రమాణపూర్వకముగా చెప్పిన సాక్ష్యమున ఉండును. పౌరసత్వపత్రపు నకలు సైతము దానికి జతచేయబడి యుండును. 1873 మొదలు నాలుగైదేండ్లు మిడుతలు పశ్చిమ మిన్నెసోటా పంటలను తిని పోయిన కాలపు దాఖలాలలో ఊరు విడిచి పోయినందుకు చెప్పుకొన్న సంజాయిషీలు హృదయవిదారకములు. అయితే ఈ దాఖలా చెప్పని విషయ మొకటి కలదు: ఆ నేల 1851నాటి ఒడంబడికలతో డకోటా జాతివారినుండి స్వల్పమూల్యమునకు తీసికొనబడినది, 1862నాటి యుద్ధము తరువాత వారు రాష్ట్రమునుండియే వెడలగొట్టబడిరి. నెల్సన్ పేరనే వెలసిన 1889నాటి చట్టము ఒజిబ్వె జాతివారి భూములనుగూడ చీల్చి పంచిపెట్టెను. పూర్వుని కష్టార్జితమును కీర్తించు వారసుడు ఈ పుటనుగూడ చదువుట న్యాయము.

స్త్రీల జాడ పట్టుట పురుషులకంటె మిక్కిలి కష్టము. 1922 వరకు భార్యకు పౌరసత్వము భర్తవలననే సంక్రమించెను కనుక ఆమెకు వేరుగ పత్రము లేదు. నార్వేలో జీవితాంతము తండ్రిపేరుతో ఉండిన ఆమె అమెరికాలో పెనిమిటి పేరున మరుగుపడిపోయెను. ఇట్టిచోట ఆధారము చర్చి పద్దు. వలసవారు నెలకొల్పిన లూథరను సంఘములు మొదటి ప్రపంచయుద్ధమువరకు తమ పద్దులను అధికముగ నార్వే భాషలోనే వ్రాసికొనెను. సర్కారు గుమాస్తాకు ‘నార్వే’ అను ఒక్కమాట చాలియుండగా, వోస్ పల్లెకును వాల్‌ద్రెస్ పల్లెకును గల భేదమెరిగిన పురోహితుడు ఆమె జన్మించిన పారిషు పేరును, ఒక్కొక్కప్పుడు క్షేత్రనామమునుగూడ వ్రాసెను. సమాధిఫలకములును, 1874 నుండి 1972 వరకు అయోవాలో వెలువడిన డెకోరా పోస్టెన్ పత్రికలోని మరణవార్తలును ఇట్లే ఉపకరించును. క్షేత్రనామము దొరకినచో సగము పని ముగిసినట్లే: నార్వేలో ఒక్కొక్క మండలమునకు ప్రతిక్షేత్రపు నివాసులను తరతరములుగా పేర్కొను స్థానికచరిత్ర గ్రంథములు కలవు, విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లోని నార్వే అమెరికా వంశశోధన కేంద్రమున అట్టి గ్రంథములు విరివిగా లభించును.

ఇన్ని చోట్ల వెదకినను, 1900లో ఉన్నవాడు 1910నాటి అమెరికా లెక్కలలో లేకున్నచో, సమాధి దొరకనంతమాత్రమున మరణించెనని నిర్ణయింపరాదు. 1880 తరువాత వచ్చినవారిలో నాలుగవవంతు తిరిగి స్వదేశమునకు పోయిరి. నార్వే ప్రభుత్వ మీ సంగతిని గమనించి, 1910నాటి తన జనాభా లెక్కలలో అమెరికానుండి మరలివచ్చినవారికి ప్రత్యేకముగ ప్రశ్నలు చేర్చెను: ఏ యేట పోయెను, అచ్చట చివరకు ఏ రాష్ట్రమున ఉండెను, ఏ వృత్తి చేసెను, ఏ యేట తిరిగివచ్చెను. డకోటాలో అదృశ్యుడైన మనిషి తన అమెరికా చరిత్రను తన నోటితోనే చెప్పి వ్రాయించిన పుట తాను పుట్టిన పారిషు లెక్కలలో దొరకుట అరుదైన విషయము కాదు.