సిగ్నల్ 11 తర్వాత చదవాల్సిన అంకె

యాప్ ఉన్నట్టుండి మూసుకుపోతే వాడేవాళ్లకు హోమ్ స్క్రీన్ తప్ప ఏమీ కనిపించదు. ఫోన్ మాత్రం ఆ క్షణంలో ఏం జరిగిందో రాసి పెడుతుంది. సి++ లాంటి భాషల్లో రాసిన భాగం కూలినప్పుడు ఆ క్రాష్ రిపోర్టులో తరచూ కనిపించేది 'సిగ్నల్ 11'. యాప్ తనకు హక్కు లేని మెమరీని ముట్టుకుందని దానర్థం. ఎందుకు ముట్టుకుందో అది చెప్పదు. చాలామంది అక్కడే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అసలు ఆధారం పక్కనే ఉంది.

అదే ఫాల్ట్ అడ్రసు, అంటే యాప్ ముట్టుకోబోయిన మెమరీ చిరునామా. అది 0 అయితే, లేని ఆబ్జెక్టును ఉందనుకుని వాడారన్నమాట. 24 అయినా దాదాపు అదే కథ: ఆ ఆబ్జెక్టు 0 దగ్గర మొదలవుతుందనుకుని, 24 బైట్ల తర్వాత ఉండాల్సిన ఫీల్డును చదవబోయారు. (రిపోర్టులో అడ్రసులు హెక్స్‌లో ఉంటాయి, కాబట్టి ఈ 24 అక్కడ 18గా కనిపిస్తుంది.) 24వ బైటు దగ్గర ఏ ఫీల్డు ఉందో చూస్తే, ఖాళీగా ఉన్నదేదో తేలిపోతుంది. అడ్రసు పెద్దదిగా, నిజమైనదిలా ఉంటే, విడుదల చేసేసిన మెమరీని మళ్లీ తాకారేమోనని అనుమానించాలి. అప్పుడు కూలిన లైను వేరు, తప్పు చేసిన లైను వేరు.

ఐఫోన్‌లో 'ఎయిట్ బ్యాడ్ ఫుడ్' అని చదువుకునే కోడ్ ఒకటి క్రాష్ రిపోర్టుల్లో కనిపిస్తుంది. తెరుచుకోవడానికి ఇచ్చిన దాదాపు 20 సెకన్లలో యాప్ సిద్ధం కాకపోవడంతో సిస్టమే దాన్ని ఆపేసిందని అర్థం. ఆ 20 సెకన్లలో యాప్ వాడుకున్న సీపీయూ సమయం అర సెకను కూడా లేదనుకోండి, అది పని చేస్తూ ఆలస్యం చేయలేదు, దేనికోసమో ఎదురుచూస్తూ ఉండిపోయింది. మెయిన్ థ్రెడ్‌లో నెట్‌వర్క్ కాల్ ఉందేమో ముందు వెతకాలి.

ఇక వేల రిపోర్టులను కలిపి చూడటం. రోజువారీ యూజర్లలో 1.09 శాతం మందికి క్రాష్ కనిపిస్తే గూగుల్ ప్లే దాన్ని లోపంగా లెక్కిస్తుంది. ఒక్క ఫోన్ మోడల్‌కైతే హద్దు 8 శాతం. క్రాష్‌లన్నీ ఒకే మోడల్‌లో పోగైతే వెతకాల్సింది ఆ ఫోన్‌కే ప్రత్యేకమైన తేడాను.

2020 జులై 10న స్పాటిఫై, పింటరెస్ట్, టిండర్ ఐఫోన్లలో కూలిపోయాయి. అందుకు ఆ యాప్‌ల కొత్త వెర్షన్లేవీ కారణం కాదు. వాటన్నిటిలోనూ ఉన్న ఫేస్‌బుక్ ఎస్‌డీకేదే లోపం, ఫేస్‌బుక్ సర్వర్ వైపు జరిగిన మార్పే దాన్ని బయటపెట్టింది. వెర్షన్ పాతదే అయి క్రాష్‌లు ఒకే గంటలో మొదలైతే, మీ కోడ్ కంటే ముందు సర్వర్ నుంచి వచ్చిన డేటాను తీసి చూడండి.