పాత కారు పెయింటు: అపోహలు – వాస్తవాలు

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని జోల్వా చుట్టుపక్కలంతా మరమగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులే. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి సూరత్‌కు వలస వచ్చి మగ్గాల మీద స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కారు కొనుక్కోవడం ఏళ్ళ తరబడి దాచుకున్న ముచ్చట. అది ఎక్కువగా సెకండ్ హ్యాండ్ కారే అవుతుంది. దానికి షెడ్డు దొరకదు. పగలంతా ఎండలో, మిల్లు బాయిలర్ల బూడిదలో, ముంబయి–అహ్మదాబాద్ హైవే దుమ్ములో రోడ్డు పక్కన నిలబడి ఉంటుంది. కొన్నేళ్ళకు టాప్ తెల్లబోతుంది. బానెట్ మీద చెయ్యి పెడితే గరుకుగా తగులుతుంది.

అప్పుడు సలహాలు మొదలవుతాయి. ఒకరు కిరసనాయిలు అంటారు, ఒకరు టూత్‌పేస్టు అంటారు, ఇంకొకరు మొత్తం రంగు కొట్టించెయ్యమంటారు. వీటిలో చాలావాటి వల్ల డబ్బు దండగ. కొన్నింటి వల్ల కారుకే నష్టం. కంపెనీ వేసిన పెయింటు కారుకు ఒక్కసారే వస్తుంది. రేకును తుప్పు నుంచి కాచేది కూడా ఆ పెయింటే. కాబట్టి ఏ పని చేసినా దాన్ని వీలైనంత తక్కువ అరగదీయాలి, వీలైనంత ఎక్కువ కాపాడుకోవాలి.

అపోహ: టాప్ తెల్లబోతే రంగు చచ్చిపోయినట్టే. మొత్తం పెయింటింగ్ చేయించాల్సిందే.

వాస్తవం: తెల్లబోవడం రెండు రకాలు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 లాంటి కార్లలో సాదా రంగుల మీద క్లియర్ కోట్ ఉండేది కాదు, రంగే పై పొర. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ రంగును పట్టి ఉంచే రెజిన్‌ను దెబ్బతీస్తాయి. పట్టు తప్పిన రంగు పొడిగా మారి పైకి తేలుతుంది, రుద్దితే వేలికి అంటుతుంది. ఆ పలచని పొరను పాలిష్‌తో తీసేస్తే కింద అసలు రంగు బయటపడుతుంది.

తర్వాత వచ్చిన కార్లలో రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటుంది. అది కేవలం మసకబారితే పాలిష్‌తో చాలావరకు తేరుకుంటుంది. పొలుసులుగా లేచి, ఊడిన చోట అంచులు కనబడుతుంటే మాత్రం ఏ పాలిష్ పనిచేయదు. అప్పుడు కూడా ఆ ఒక్క భాగానికి రంగు వేయిస్తే సరిపోతుంది.

మీ కారు ఏ రకమో తెలుసుకోవాలంటే డిక్కీ మూత లోపలి అంచు లాంటి చాటు చోట తెల్లగుడ్డ మీద కాస్త పాలిష్ వేసి రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే క్లియర్ కోట్ లేనట్టు.

మొత్తం రంగు కొట్టించే ముందు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఫ్యాక్టరీలో ఖాళీ బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి, విద్యుత్తు పంపి, మూలమూలలకూ పట్టిస్తారు. ఆ మీది పొరలను 140 డిగ్రీల దాపున వేడిలో గట్టిపరుస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, వైర్లు అన్నీ బిగించి ఉన్న కారును ఏ గ్యారేజీ అంత వేడిలో పెట్టలేదు. అందుకే బతికున్న కంపెనీ పెయింటును గీకేసి కొత్తది వేయించడం చాలాసార్లు నష్టపు బేరం. వేరే రంగు వేయిస్తే ఆర్.సి.లో మార్పు నమోదు చేయించుకోవడం కూడా తప్పదు.

అపోహ: రబ్బింగ్ కాంపౌండ్ ఎంత గట్టిగా కొడితే అంత మెరుపు.

వాస్తవం: కారు మీదున్న పొరలన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఇంచుమించు ఒక కాగితమంత. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లే. ఎండను తట్టుకునే రసాయనాలు ఉండేది ఆ పొరలోనే. బఫింగ్ మెషిన్‌తో ముతక కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు పోతాయి. ఏటా దీపావళికి అదే పని చేయిస్తే కొన్నేళ్ళకు పొర పలచబడి ఎండకు లొంగిపోతుంది. బానెట్ అంచులు, డోర్ గీతల మీద పెయింటు ఇంకా పలచన, అక్కడ మెషిన్ ఒక్క క్షణం ఆగినా ప్రైమర్ బయటపడుతుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, ముందు అన్నిటికన్నా మెత్తని పాలిష్‌తో ఒక చిన్న చోట ప్రయత్నించాలి. అది చాలకపోతేనే తర్వాతి రకానికి వెళ్ళాలి. గోరుకు తగిలేంత లోతు గీతను పాలిష్‌తో పూర్తిగా తీయాలని చూడకూడదు. రెండు వాష్‌లకే మెరుపు పోయి గీతలు మళ్ళీ కనబడ్డాయంటే, చేసింది పాలిష్ కాదు, నూనెతో గీతలను కప్పడమే.

అపోహ: రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో తుడిస్తే కారు కొత్తగా ఉంటుంది.

వాస్తవం: కారును ఎక్కువగా పాడుచేసే అలవాటు ఇదే. రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ ఇసుక ఉంటుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దాని స్థానం 7. గాజు కంటే గట్టిది, పెయింటు దాని ముందు నిలవదు. పొడిగుడ్డ పెట్టి లాగితే ఆ రేణువులు సన్నని గీతలు గీస్తాయి. ఎండలో బానెట్ మీద కనిపించే గుండ్రటి గీతల వలయాలు ఇలా వచ్చినవే.

మగ్గాల దగ్గర ఊరికే దొరికే చీర ముక్కలు, వేస్టు గుడ్డ ఇంకా ప్రమాదం. వాటిలో ముడులు, గట్టి అంచులు ఉంటాయి, జరీ తీగ కూడా ఉండొచ్చు. మైక్రోఫైబర్ గుడ్డ కూడా ఈ చీరల్లాగే పాలిస్టర్, పాలిమైడ్‌లతో తయారైనదే కదా అని కొందరు అడుగుతారు. నిజమే, కానీ పోగు సన్నదనాన్ని కొలిచే డెనియర్ లెక్కలో దాని పోగు ఒక డెనియర్ కంటే సన్నం. ఒక్కో పోగునూ చీల్చి, దుమ్మును తనలోకి లాక్కునేలా తయారుచేస్తారు. ఆ లెక్క తెలిసిన నేత కార్మికులకు ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

కడిగేటప్పుడు ముందు నీళ్ళతో దుమ్మును జారవిడవాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదానిలో షాంపూ నీళ్ళు, రెండోదానిలో గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు. పై నుంచి కిందికి కడగాలి. చక్రాలకు వేరే గుడ్డ వాడాలి. నీళ్ళు తక్కువగా ఉంటే రోజూ పొడిగా తుడవడం కన్నా వారానికి ఒక్కసారి తడిపి కడగడం ఎంతో మేలు.

అపోహ: కిరసనాయిలో, డీజిలో పెట్టి తుడిస్తే పోయిన రంగు తిరిగి వస్తుంది.

వాస్తవం: రంగు తిరిగి రాదు. నూనె పొర గరుకును కాసేపు నింపుతుంది కాబట్టి ముదురుగా కనబడుతుంది. సాయంత్రానికల్లా ఆ జిడ్డుకు దుమ్ము, బూడిద అంటుకుంటాయి. మర్నాడు ఆ జిడ్డు దుమ్మునే మళ్ళీ రుద్దుతారు. పైగా ఈ నూనెలు పాత వ్యాక్స్‌ను కరిగిస్తాయి, అద్దాల చుట్టూ ఉండే రబ్బరు బీడింగులను ఉబ్బిస్తాయి. తారు మరకలు తీయడానికి మాత్రం కొద్దిగా వాడవచ్చు. వాడిన వెంటనే షాంపూతో కడిగేయాలి.

అపోహ: బట్టల సర్ఫు, గిన్నెల సబ్బు, టూత్‌పేస్టు – ఇంట్లో ఉన్నవి చాలు.

వాస్తవం: బట్టల పొడి క్షారగుణం ఉన్నది. గిన్నెల సబ్బును జిడ్డు వదిలించడానికే తయారుచేస్తారు. అవి కారు మీద కాపలా ఉన్న వ్యాక్స్‌నూ వదిలించేస్తాయి. పొడి పూర్తిగా కరగకపోతే ఆ పలుకులే గీతలు గీస్తాయి. టూత్‌పేస్టు సంగతి వేరు. అందులో పళ్ళు తోమడానికి వేసిన మెత్తని గరుకు పదార్థం ఉంటుంది. అది పైపై గీతను కొంత తగ్గించగలదు. అయితే కారు కోసం చేసిన మెత్తని పాలిష్ అదే పనిని ఇంకా శుభ్రంగా, మసక మిగల్చకుండా చేస్తుంది.

అపోహ: వానాకాలంలో కారు కడగక్కర్లేదు, వానే కడుగుతుంది.

వాస్తవం: వాన పైదుమ్మును కదుపుతుందే గానీ అంటుకున్నదాన్ని తీయదు. పొగ, బూడిద కలిసిన చినుకులు ఎండలో ఆరితే మరకలుగా మిగులుతాయి. బోరు నీళ్ళతో కడిగి తుడవకుండా వదిలినా అంతే. నీరు ఆవిరైపోతుంది, కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్ల వలయాలుగా నిలిచిపోతాయి. కొత్త మరకలైతే తెల్ల వెనిగర్‌కు సమానంగా నీళ్ళు కలిపి మెల్లగా తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడిగితే పోతాయి.

పక్షి రెట్టను ఒక్క పూట కూడా ఉంచకూడదు. ఎండకు పెయింటు కాస్త మెత్తబడి ఉబ్బుతుంది. ఎండిన రెట్ట దాని మీద బిగుసుకుంటుంది. చల్లబడేటప్పుడు ఆ ఆకారంలోనే పెయింటు గట్టిపడి మచ్చ నిలుస్తుంది. తడిగుడ్డను రెట్ట మీద కొద్దిసేపు పరిచి, నానాక ఎత్తేయాలి, రుద్దకూడదు.

అపోహ: దసరా వాహన పూజ పసుపు, కుంకుమ వాటంతటవే పోయేదాకా తుడవకూడదు.

వాస్తవం: పూజ మన సంప్రదాయం, దాన్ని మానమని ఎవరూ అనరు. కానీ తడిపసుపు, చవక రంగు కలిసిన కుంకుమ పాతబడిన పెయింటు గరుకులోకి దిగి మరక చేస్తాయి. పూజలో వాడే నిమ్మకాయ రసంలో ఆమ్లం ఉంటుంది, అదీ పెయింటుకు మంచిది కాదు. బొట్లు ముందు అద్దం మీద పెట్టుకోవచ్చు. బానెట్ మీద పెట్టాలనుకుంటే ముందుగా వ్యాక్స్ వేసి, పూజయ్యాక ఆ సాయంత్రమే నీళ్ళతో కడిగేయాలి.

అపోహ: టెఫ్లాన్ కోటింగ్ వేయిస్తే ఏళ్ళ తరబడి నిశ్చింత. 9హెచ్ సెరామిక్ అయితే గీత కూడా పడదు.

వాస్తవం: టెఫ్లాన్ అనే పదార్థాన్ని 1938లో డ్యూపాంట్ సంస్థలో రాయ్ ప్లంకెట్ కనుగొన్నారు. అది కరిగేదే 327 డిగ్రీల వద్ద. పెనాల మీద దాన్ని అంత వేడి చూపించే అతికిస్తారు. కారు పెయింటుకు ఆ వేడి చూపించలేం. కాబట్టి ఆ పేరుతో వేసేది ఒక పాలిష్ లేదా సీలెంట్ మాత్రమే. కొన్ని నెలలు పనిచేస్తుంది, ఆపాటి ధరకే వేయించుకోవాలి.

సెరామిక్ కోటింగ్ నిజంగానే మెరుగైనది. నీరు, మురికి నిలవవు, కడగడం తేలిక, వ్యాక్స్ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. కానీ 9హెచ్ అన్నది పెన్సిల్ గీత పరీక్షలోని కొలత. వజ్రం 10గా ఉండే మోస్ స్కేలుతో దానికి సంబంధం లేదు. కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లు. రాయి తగిలితే దెబ్బ పడుతుంది, పొడిగుడ్డతో రుద్దితే గీత పడుతుంది. పొలుసులు లేచిన పెయింటు మీద వేస్తే ఊడేది ఊడుతూనే ఉంటుంది. రాళ్ళ దెబ్బను ఆపగలిగేది 150 నుంచి 200 మైక్రాన్ల పాలియురేథేన్ ఫిల్మ్ ఒక్కటే. పాత కారు మీద దానికి పెట్టే ఖర్చు అరుదుగా గిట్టుబాటవుతుంది.

అపోహ: కవర్ కప్పితే ఇక భయం లేదు.

వాస్తవం: దుమ్ము పట్టిన కారు మీద కవర్ కప్పితే గాలికి అది కదిలినప్పుడల్లా లోపలి దుమ్ము పెయింటును గీస్తుంది. గాలి ఆడని ప్లాస్టిక్ కవర్ వానాకాలంలో తడిని లోపలే బంధిస్తుంది. కడిగి, ఆరాకనే కప్పాలి. గాలి ఆడే గుడ్డ కవర్ ఎంచుకుని బిగించి కట్టాలి. వాన తెరిపిస్తే తీసి ఆరబెట్టాలి.

అపోహ: తుప్పు బుడగ మీద లప్పం పెట్టి రంగు కొడితే సరి.

వాస్తవం: పెయింటు ఉబ్బిందంటే కింద తుప్పు అప్పటికే పాకింది. పైన కప్పితే లోపల తినడం ఆగదు, కొన్ని నెలలకు బుడగ పెద్దదై తిరిగి లేస్తుంది. మెరిసే లోహం కనబడేదాకా గీకాలి. గుంటల్లో మిగిలినదానికి రస్ట్ కన్వర్టర్ పట్టించి, ప్రైమర్ వేసి, ఆ తర్వాతే లప్పం, రంగు, క్లియర్ కోట్ వేయాలి. సూరత్ వైపు సముద్రపు గాలి, నెలల తరబడి వానలు ఉంటాయి కాబట్టి డోర్ల అడుగు, చక్రాల పైనుండే రేకు ప్రతి వానాకాలానికి ముందూ, తర్వాతా చూసుకోవాలి. చిన్న రాయి దెబ్బకు కంపెనీ రంగు కోడ్‌తో టచప్ పెయింటు ఒక చుక్క పెడితే పెద్ద ఖర్చు తప్పుతుంది.

పని వరుస ఇదీ

ఇంట్లోనే చేసుకునేవారు నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. ముందు షాంపూ వాష్. తర్వాత చేతికి పలచని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. గరుకు తగిలితే మిల్లు బూడిద, బ్రేకుల ఇనుప రజను పెయింటులో నాటుకున్నాయని అర్థం. నీళ్ళు, షాంపూ జారుడుగా చల్లుతూ క్లే బార్ అనే మెత్తని బంక ముద్దతో దాన్ని ఎత్తేయాలి. క్లే నేల మీద పడితే మళ్ళీ వాడకూడదు. ఆ తర్వాత అవసరమైన చోటే మెత్తని పాలిష్. చివరగా వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ. కార్నౌబా వ్యాక్స్ ఎండాకాలంలో ఎక్కువ రోజులు నిలవదు, సింథటిక్ సీలెంట్ ఇంకొన్ని నెలలు వస్తుంది. నీటి చుక్కలు ముత్యాల్లా నిలవడం మానేసి పరచుకుపోతున్నాయంటే మళ్ళీ వేసే సమయం వచ్చినట్టు.

పాలిష్ ఎప్పుడో ఒకసారి చేయాలి, రక్షణ పొర మాత్రం క్రమం తప్పకుండా వేయాలి. పాత కారుకు వ్యాక్స్ దండగ అనుకోకండి. పలచబడిన పెయింటుకే రక్షణ ఎక్కువ అవసరం. ఈ ఆదివారం రెండు బకెట్ల నీళ్ళు, ఒక మంచి మైక్రోఫైబర్ గుడ్డ తీసుకుని మొదలుపెట్టండి. మొత్తం రంగు కొట్టించాలో వద్దో కారును శుభ్రంగా కడిగి, పరీక్షించి చూశాకే నిర్ణయించుకోండి.