ఎనిమిదిన్నర లెక్క, ఒక నిలువు గీత

ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలోని నీటిని కొలపాత్రలో పోస్తారు. గీత చూసి, తేదీ పక్కన ఒక అంకె వేస్తారు. మన దేశంలో వాన లెక్కకు రోజు మారేది అర్ధరాత్రి కాదు, ఈ ఎనిమిదిన్నరకే. అనంతపురం జిల్లా కుందుర్పి వైపు ఆ అంకె చాలా రోజులు సున్నాయే. జిల్లాకు ఏడాదికి సగటున దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లు. అయితే కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఈ మెట్టలో శెనక్కాయ వేసిన రైతుకు ఏడాది మొత్తంతో పని తక్కువ. ఊడలు దిగే వేళ ఎన్నాళ్లు బెట్ట పట్టిందన్నదే ఆయన ప్రశ్న. నాలుగు మంచి వానలు జూన్‌లోనే కురిసి, ఆగస్టంతా ఎండగొడితే మొత్తం బాగానే కనిపిస్తుంది, చేలో మాత్రం కాయ ఉండదు.

ఏళ్ల తరబడి పోగైన ఆ అంకెల్లోంచి బెట్ట రోజులను నిమిషంలో లెక్కతీసే పనిముట్టు ఉంది. దానికి డబ్బు పెట్టనక్కర్లేదు. పేరు యూనిక్స్. అదీ కొరతలో పుట్టిందే. అందుకే మన నేలకు అది బాగా నప్పుతుందని నా నమ్మకం.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్, ఎంఐటీతో, జనరల్ ఎలక్ట్రిక్‌తో కలిసి తలపెట్టిన మల్టిక్స్ అనే భారీ వ్యవస్థ నుంచి తప్పుకుంది. దానిమీద పనిచేసిన కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలకు కొత్త యంత్రం దొరకలేదు. దొరికింది పెద్దగా ఎవరూ వాడని పీడీపీ-7. మొత్తం మెమరీ దాదాపు 18 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. ఆ ఎండాకాలం థాంప్సన్ భార్య పసిబిడ్డను తీసుకుని కాలిఫోర్నియా వెళ్లింది. ఆ కొన్ని వారాల్లోనే థాంప్సన్ వ్యవస్థ గుండెకాయను, కమాండ్లు అందుకునే షెల్‌ను, ఎడిటర్‌ను, అసెంబ్లర్‌ను తలా ఒక వారం చొప్పున రాసి నిలబెట్టారు.

అప్పటి టెలిటైపు సెకనుకు పది అక్షరాలే కొట్టేది. మీట గట్టిగా నొక్కాలి, మోత భరించాలి. అందుకే కమాండ్ల పేర్లు అంత పొట్టివి: ఫైళ్లు చూడాలంటే ఎల్‌ఎస్, నకలుకు సీపీ, జరపడానికి ఎంవీ, తీసేయడానికి ఆర్‌ఎం. పని సవ్యంగా అయితే యంత్రం ఏమీ అనదు. తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది. కొత్తవాళ్లు ఆ మౌనం చూసి కంగారుపడతారు. ఏమీ రాలేదంటే పని అయిందని అర్థం.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్. 1964 అక్టోబరులోనే ఆయన ఒక చిన్న నోట్ టైపు చేశారు. తోటలో నీళ్లుపట్టే గొట్టం చాలకపోతే ఇంకో ముక్క బిగించినట్టు, ప్రోగ్రాములను కూడా ఒకదాని చివర ఒకటి బిగించే వీలుండాలన్నది అందులోని ఊహ. తొమ్మిదేళ్లు ఆయన దాన్ని గుర్తుచేస్తూనే వచ్చారు. 1973లో ఒక రాత్రి థాంప్సన్ కూర్చుని ఆ పని చేసేశారు. ఆ తర్వాత దానికి గుర్తుగా ఒక నిలువు గీత కుదిరింది. పేరు పైప్.

డ్రిప్ వేసిన రైతుకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. బోరు నీళ్లు ముందు ఫిల్టర్‌లోకి, అక్కణ్నుంచి మెయిన్ పైపుకు, లేటరళ్లకు వెళ్తాయి. ఫిల్టర్‌కు మొక్క సంగతి తెలియదు, లేటరల్‌కు బోరు లోతు తెలియదు. ఎవరి పని వాళ్లది. యూనిక్స్‌లోనూ ఇలా మధ్యలో నిలబడే ప్రోగ్రాములను ఫిల్టర్లనే అంటారు. అక్కడ పారేది అక్షరాలు, వరస వెంట వరస.

వాన లెక్క దగ్గరికి వద్దాం. ఒక ఫైల్‌లో రోజుకో వరస రాసుకోండి. ముందు తేదీ, ఖాళీ వదిలి మిల్లీమీటర్లు. అంతకుమించి హంగులు వద్దు. ఇప్పుడు ఆక్ అనే ప్రోగ్రాము కావాలి. 1977లో దాన్ని చేసిన ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్‌ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. రెండో గడి 2.5 గానీ అంతకు ఎక్కువ గానీ ఉన్న వరసలు ఇమ్మని దాన్ని అడిగి, నిలువు గీత గీసి, వరసలు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్ తగిలిస్తే వానరోజుల సంఖ్య వస్తుంది. రోజుకు 2.5 మిల్లీమీటర్లు గానీ అంతకు ఎక్కువ గానీ పడితేనే వాతావరణశాఖ దాన్ని వానరోజు అంటుంది.

బెట్టకు ఇంకో మెట్టు ఎక్కాలి. ఆక్‌కు ఇలా చెప్పాలి: రెండో గడి 2.5 కన్నా తక్కువైతే లెక్కకు ఒకటి కలుపు, కాకపోతే లెక్కను సున్నా చెయ్యి, ఇంతవరకూ చూసిన పెద్ద అంకెను దాచిపెట్టు, ఫైల్ అయిపోయాక అది చెప్పు. ఇదంతా ఒక్క వరసలో ఇమిడే కమాండ్. ముందు, కోరిన మాట ఉన్న వరసలను ఏరే గ్రెప్‌తో ఒక ఏడాది ఆగస్టు వరసలను మాత్రమే వడపోసి ఇస్తే, ఊడల నెలలో బెట్ట ఎన్నాళ్లో తేలిపోతుంది.

ఇక్కడ ఒక గుంట ఉంది. కొలత తీయని రోజున కొందరు ‘లేదు’ అని రాసిపెడతారు. అంకెను మాటతో పోల్చాల్సి వస్తే ఆక్ రెంటినీ మాటలుగానే తీసుకుంటుంది. ఆ వరసలో అంకెల తర్వాతే అక్షరాలు. కాబట్టి ‘లేదు’ దానికి 2.5 కంటే పెద్దది, కొలవని రోజు కాస్తా వానరోజుల్లో చేరిపోతుంది. మందు తేలికే: ఆక్ కంటే ముందు గ్రెప్ మైనస్ వి పెట్టి, ‘లేదు’ ఉన్న వరసలను పక్కకు తీయండి. అలా ఎన్ని పోయాయో కూడా లెక్కపెట్టి రాసుకోండి. కొలవని రోజును సున్నాగా దిద్దడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అది రైతు లెక్కను తారుమారు చేయడమే.

ఒక దెబ్బ నేనే తిన్నాను. పాత ఫైళ్లు తీసేద్దామని ఆర్‌ఎం కొట్టి, పేరు మొదటి ముక్క రాసి, నక్షత్రం గుర్తు పెట్టేముందు పొరపాటున ఖాళీ వదిలాను. ఖాళీ తర్వాత ఒంటరి నక్షత్రమంటే ఆ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ. యంత్రం ఆపి అడగలేదు, అన్నీ పోయాయి. చెత్తబుట్టలోకి వెళ్లి వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు ఆర్‌ఎంకు లేదు. ఆనాటి నుంచి అదే నమూనాను ముందు ఎల్‌ఎస్‌కు ఇచ్చి, కనపడిన పేర్లు చదివి, పైబాణం మీట నొక్కి, ఎల్‌ఎస్ చోట ఆర్‌ఎం రాస్తున్నాను. నకలు తీసే పనిని, చెప్పిన వేళకు కమాండ్లు నడిపే క్రాన్‌కు అప్పజెప్పాను. క్రాన్ వరసలో ముందు నిమిషం, తర్వాత గంట. 45, 8, ఆపైన మూడు నక్షత్రాలు రాస్తే రోజూ ఎనిమిది ముప్పావుకు, అంటే వాన అంకె ఎక్కిన పావుగంటకు, నకలు వేరే డిస్క్‌కు చేరుతుంది. డిస్క్‌లో చోటుందో లేదో డీఎఫ్ మైనస్ హెచ్ చెబుతుంది. దూరంగా ఉన్న యంత్రంలో పెద్ద పని మొదలుపెడితే ముందు నోహప్ తగిలించండి, మధ్యలో మీ లైను తెగిపోయినా పని ఆగదు.

వీటికోసం పెద్ద యంత్రం అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదే లినక్స్. 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ యూనిక్స్ తీరులో మొదటినుంచీ రాసిన గుండెకాయ అది. టెర్మక్స్ యాప్ వేసుకుంటే పై కమాండ్లన్నీ చేతిలోనే. 2016 నుంచి విండోస్‌లోనూ ఇవి నడుస్తున్నాయి. ఆ నిర్ణయం నాటి మైక్రోసాఫ్ట్ సారథి సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్‌ది మన అనంతపురం జిల్లా బుక్కాపురమే.

తెలుగు సంగతి చెప్పకుండా ఉండలేను. 1992లో థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోజనం బల్ల మీది కాగితంపైనే యూటీఎఫ్-8 పద్ధతి గీశారు. ప్రపంచంలోని లిపులన్నీ నేడు ఆ దారిలోనే యంత్రాల్లో ప్రయాణిస్తున్నాయి. ‘కుందుర్పి’ అని రాసి డబ్ల్యూసీకి ఇచ్చి చూడండి. మన చెవికి మూడు అక్షరాలు. యూనికోడ్‌కు తొమ్మిది గుర్తులు: గుణింతాలు, సున్న, పొల్లు అన్నీ విడివిడిగా. ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి 27. డబ్ల్యూసీ మైనస్ సి 28 అంటుంది, వరస ముగింపు గుర్తును కూడా కలుపుకుని. మన లిపి పక్క ఇంట్లోనే కన్నడం ఉంది. తెలుగు ‘క’ సంఖ్యకు 128 కలిపితే కన్నడ ‘క’ వస్తుంది. కుందుర్పి నుంచి పొలిమేర దాటినంత దగ్గర. ఆక్‌కు మాత్రం ఈ లిపులు చాలాకాలం బైట్లుగానే కనపడ్డాయి. 2022లో, ఎనభై ఏళ్ల వయసులో, కెర్నిగన్ తన పాత ఆక్‌కు యూనికోడ్ నేర్పారు.

ఇక మిగిలింది తేదీ గడి. యూనిక్స్ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి, మన గడియారంలో ఆ ఉదయం ఐదున్నర నుంచి, సెకన్లలో లెక్కిస్తుంది. పాత యంత్రాల్లో ఆ లెక్కకు ఇచ్చిన చోటు 32 బిట్లే. అందులో పట్టే అతి పెద్ద అంకె 2147483647. అది నిండేది 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. అంటే ఆ రోజు వాన కొలిచిన పద్నాలుగు నిమిషాలకు. మరుసటి సెకనుకు అలాంటి యంత్రం తేదీ 1901 డిసెంబరుకు పడిపోతుంది. కొత్త లినక్స్‌లో దీన్ని సరిచేశారు. పొలాల్లో, ఆఫీసు మూలల్లో ఏళ్లుగా నడుస్తున్న చిన్న పెట్టెలతోనే చిక్కు. లినక్స్‌తో నడిచే పెట్టె ఏదైనా మీ చేతిలో ఉంటే డేట్ మైనస్ డి కొట్టి, ఎట్ గుర్తుకు అంటించి ఆ అంకె ఇవ్వండి. తర్వాత దానికి ఒకటి కలిపి మళ్లీ ఇవ్వండి. రెండోసారి 8:44:08 అని వస్తే, కుందుర్పి వాన లెక్క ఆ పెట్టెలో ఆ మంగళవారం కూడా సరైన తేదీ కిందే పడుతుంది.