తరగతినుండి ఆటస్థలమునకు

ఆటలాడుట వేరు, ఆటలాడించుట వేరు. మొదటిది పిల్లలకు సహజముగా వచ్చును. రెండవది నేర్చుకొనవలసిన విద్య. దీనిని బోధించు శిక్షణాలయములలో శరీరశాస్త్రమును, బాలల మనస్తత్త్వమును, ఆటల నిబంధనలను చెప్పుదురు. అయినను వీనినెల్ల వల్లించినవాడు సయితము నలువదిమంది పిల్లల యెదుట నిలిచినప్పుడు దిక్కుతోచక యుండుట కలదు. చదివినదానిని పనిలో పెట్టుట యెట్లు? ఇందులకు బాస్కెట్‌బాల్ పుట్టిన విధము మంచి నిదర్శనము.

1891వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందు వై.యం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాల యుండెను. అది చలికాలము, ఆరుబయట ఆడుటకు వీలులేదు. లోపల చేయించు కసరత్తులకు విద్యార్థులు విసుగుచెందిరి. వారికి తగిన క్రొత్త యాట నొకదానిని కల్పింపుమని వ్యాయామశాఖాధిపతియగు లూథర్ గులిక్ గారు జేమ్సు నైస్మిత్ గారికి పని యొప్పగించిరి.

నైస్మిత్ గారు మొదట బయటి యాటలనే లోపల ఆడించి చూచిరి. అవి దెబ్బలకు కారణమయ్యెను. అప్పుడు వారు కారణము విచారించిరి. బంతితో పరుగెత్తువానిని పడద్రోయుదురు. కావున బంతితో పరుగెత్తరాదనిరి. గురి నేలకు దగ్గరగా నున్నచో బంతిని బలముగా విసరుదురు. కావున గురిని తలలకంటె పైన నుంచిరి. ఇట్లు 13 నిబంధనలు ఏర్పడెను. గురికై పెట్టెలు కోరగా, దొరికినవి పీచ్ పండ్ల బుట్టలు. వానినే 10 అడుగుల యెత్తున కొట్టించిరి. తరగతిలో 18 మంది యుండుటచే పక్షమునకు తొమ్మిదిమంది ఆడిరి. చదువు, పరిశీలన, సవరణ, చేతనున్న వస్తువు: ఈ నాలుగును కలిసిననే ఆ యాట పుట్టినది.

స్ప్రింగ్‌ఫీల్డులో చదివిన హారీ క్రో బక్ గారే 1920లో చెన్నపట్టణమున వై.యం.సి.ఏ. వ్యాయామవిద్యా కళాశాలను స్థాపించిరి. నాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు రాజధానిలోనివి.

ఈ పద్ధతిని మన చెడుగుడునకు అన్వయింతము. ప్రతి బాలునికి ఆటలో పాలుండవలెనని తరగతిలో చెప్పుదురు. కాని ఓడినవాడు వెలుపల కూర్చుండవలెనన్నచో, బలహీనుడే ముందుగా వెలుపలికి పోవును. ఎవనికి అభ్యాసము ఎక్కువ కావలెనో వానికే తక్కువ దొరకును. ఈ యాటలో మూడు రీతులు కలవు. గామినిలో జట్టంతయు ఓడువరకు వెలుపలివాడు లోనికి రాడు. సంజీవనిలో ఎదుటి పక్షమువా డొకడు ఓడినచో మనవా డొకడు తిరిగి వచ్చును. అమర్ రీతిలో ఎవడును బయటికి పోడు. ఎదుటి పక్షమునకు పాయింటు మాత్రము వచ్చును. క్రొత్తవారికి అమర్ రీతిని, అలవాటుపడిన పిదప సంజీవనిని ఆడించువాడు చదివిన పాఠమును నిజముగా నేర్చినవాడు.

ఆటకు ముందు పిల్లలను, స్థలమును లెక్కచూచుకొనవలెను. నిబంధనలను నాలుగు మాటలలో చెప్పి, చేసి చూపవలెను. ఆడుచుండగా గెలుపెవరిదని గాక, ఊరక నిలిచినవా డెవడని చూడవలెను. ఉత్సాహము తగ్గకమునుపే ఆట ముగింపవలెను. పిమ్మట తగవు ఎచ్చట వచ్చినది, రేపేమి మార్చవలెనను రెండు సంగతులు వ్రాసికొనవలెను. ఆ వ్రాత మరుసటి దినపు పాఠమగును.

విద్యార్థులారా, మీలో జట్టునాయకులైనవారు దీనిని నేడే పరీక్షింపవచ్చును. తలిదండ్రులారా, సాయంకాలపు ఆట చదువునకు అడ్డమని తలంపకుడు. పదిమందిని న్యాయముగా నడపుట పుస్తకమున చదువుకొనవచ్చును గాని, అది చేతికి వచ్చుట ఆటస్థలమందే.